దాణా పెట్టె తాళంచెవి

తలుపు తట్టేసరికి కెజియాకి కోపం నషాళానికి అంటి ఉంది.

అంటదా మరి. సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న వాళ్ళ సరుగుడు తోపులోకి పోయే ఇసక బాటకి అడ్డంగా ఒక ఇల్లు నిలబడి ఉంది. నిన్న సాయంత్రం అది లేదు. నీలం రంగు గోడలు, కర్టెన్ వేసిన కిటికీ, పక్కన చిన్న కుళాయి, తాడు మీద ఆరేసిన తువ్వాలు. కిందికి చూస్తే నాలుగు చక్రాలు, సగం దాకా ఇసకలో. స్కూటీ మీద టీకాల పెట్టెలో ఐసు కరుగుతూ ఉంది. తోపు అవతల నలభై మేకలు ఆమె కోసమే కట్టేసి ఉన్నాయి. విడవలూరు మండలంలో ఆమె పశుసంవర్ధక సహాయకురాలు. అంత పొడుగు మాట పలికే ఓపిక లేక ఊళ్ళోవాళ్ళు పశువుల నర్సమ్మ అంటారు.

"ఎవరండీ లోపల? బండి తీయండి," అంది కెజియా.

తలుపు తెరుచుకోలేదు. కర్టెన్ కదిలింది. కిటికీలోంచి ఒక మొహం బయటికొచ్చింది.

తెల్లటి మొహం, మూరెడు పొడుగు. చెవులు రెండూ పైన లోపలికి వంగి, కొనలు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. నల్లటి పెద్ద కళ్ళల్లో సరుగుడు చెట్లు, వాటి మధ్య స్కూటీ, స్కూటీ పక్కన కెజియా, అన్నీ చిన్నవిగా కనిపిస్తున్నాయి. వెచ్చటి ఊపిరి పచ్చిగడ్డి వాసనతో ఆమె నుదుటికి తగిలింది.

గుర్రాల్ని ఆమె చూడకపోలేదు. పెళ్ళి ఊరేగింపుల్లో, టపాకాయల పొగలో, తళుకుల బట్ట కప్పుకుని దూరంగా నడిచిపోతుంటే చూసింది. ఏ అలంకారమూ లేకుండా, ఇంత దగ్గరగా, ఇంటావిడలాగా కిటికీలోంచి తొంగిచూసే గుర్రాన్ని చూడటం ఇదే మొదలు. తిట్టాలనుకున్న మాటలన్నీ మర్చిపోయింది. నోట్లోంచి వచ్చింది ఒకటే.

"వందనాలండీ."

"ఆమెకి వందనాలు చెప్పినోళ్ళు మీరే ఫస్టు మేడమ్," అంది ఒక గొంతు బండి కిందనుంచి.

చేతుల నిండా గ్రీజుతో ఒక కుర్రవాడు బయటికి పాకాడు. ఇరవై ఆరు, ఇరవై ఏడు ఉంటాయి. నవ్వు మాత్రం అతనికంటే ముందే బయటికొచ్చేసింది. పేరు ఫ్రెడ్డీ. ఊరు నెల్లూరు.

"ఇది మా తోపు," అంది కెజియా, పరువు దక్కించుకోడానికి.

"చీకట్లో వచ్చినాను మేడమ్, తెలీలా."

"బండి ఎప్పుడు తీస్తారు?"

"ఇసక ఎప్పుడొదిలితే అప్పుడు."

మళ్ళీ కోపం వచ్చింది గానీ, కిటికీలోంచి ఆ నల్లకళ్ళు చూస్తూ ఉంటే ఎక్కువసేపు నిలబడలేదు. చివరికి తోపులోని సరుగుడు గుంజలు నాలుగు తెచ్చి చక్రాల కింద వేసింది కూడా ఆమే. బండిని లాగే జీపు అతను నడిపాడు, ఆమె వెనకనుంచి తోసింది. బండి బాట దిగేసరికి ఆమె చుడీదారు మోకాళ్ళ దాకా ఇసక. మేకల దగ్గరికి గంట ఆలస్యంగా చేరింది.

ఫ్రెడ్డీ అడిగింది మూడు రోజులు. ఆదివారం చిట్టమూరులో పెళ్ళి ఉంది, పెళ్ళికొడుకు తెల్లగుర్రమే ఎక్కుతానన్నాడట. అందాకా గుర్రాలు ఉప్పునీళ్ళలో కాళ్ళు నానబెట్టుకుని సేదతీరతాయి. కెజియా తండ్రి జీవానందం మితభాషి. రోజుకి పది మాటలు దాటితే ఆయాసం వస్తుందన్నట్టు ఉంటాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. రేకు మీద వేళ్ళతో కొట్టి చూశాడు. ఎవరు కట్టారని అడిగాడు. నెల్లూరులో మేనమామ ముత్యాలయ్య లారీ బాడీల షెడ్డులో తనే కట్టుకున్నానని చెప్పాడు ఫ్రెడ్డీ.

"పనితనం ఉండాది," అన్నాడు జీవానందం. అదే అనుమతి.

ఆ సాయంత్రం కెజియా బండిని లోపల చూసింది. వెనక సగం గుర్రాలది. రెండు గదులు, కింద రబ్బరు చాపలు, ఎక్కి దిగడానికి వాలు పలక. ముందు సగం మనిషిది. గ్యాసు పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, గోడకి బిగించిన చిన్న మంచం. పక్కకి తిరిగి పడుకోవాలన్నా లేచి నిలబడి తిరిగి పడుకోవాల్సిందే, అంత సన్నం. రెండు సగాల మధ్య ఒక కిటికీ. పడుకునేటప్పుడు తెల్లగుర్రం అందులోంచి తల పెట్టి తన మెడ మీద ఊపిరి వదులుతుందని, అది లేకపోతే తనకి నిద్ర రాదని చెప్పాడు ఫ్రెడ్డీ. దాని పేరు ముత్యం. రెండోది ముసలి ఎర్రగుర్రం. అందర్నీ ఎండలో నిలబెట్టి తనకి తోచినప్పుడు కదులుతుంది కాబట్టి దానికి కలెక్టర్ అని పేరు పెట్టాడు.

తలుపు పక్కన ఒక ఇనప్పెట్టె. దానికి గుప్పెడంత తాళంకప్ప.

"ఇందులో ఏమున్నాయి, నగలా?" అంది కెజియా.

"ఉలవలు, శనగలు. మా తాత హెబ్రోను జట్కా తోలిన నాటి పెట్టె అది. తాళంచెవి మా నాయన చేతికి గూడా ఇవ్వలా ఆయన. నాకిచ్చి పోయినాడు."

"ఉలవలకి ఇంత కాపలానా? పెళ్ళాం వచ్చినాక గూడా ఇవ్వరా ఏంది?"

"ఎవరొస్తారో చూసి చెప్తా," అన్నాడు, మెడలో వేలాడే తాళంచెవిని చొక్కాలోకి దోపుకుంటూ. ఎందుకు తాళమో చెప్పలేదు. పైగా, ముత్యం తన చేతి తిండి తప్ప ఇంకొకరి చెయ్యి ముట్టదని గొప్పలు పోయాడు. ఆ మాట కెజియాకి గుచ్చుకుంది. మండలంలో ఆమె చెయ్యి తగలని గొడ్డు లేదు.

మర్నాడు తెల్లవారుతుండగా ఒడ్డుకి వచ్చింది. కాకతాళీయంగా వచ్చానని చెప్పింది. టీకాల పెట్టె లేదు కాబట్టి అతను నమ్మలేదు, అయినా నమ్మినట్టే తలాడించాడు.

రెండు గుర్రాల్నీ వట్టి తాళ్ళతో నీళ్ళలోకి నడిపించాడు. కలెక్టర్ మడమలు తడవగానే ఆగిపోయాడు. ముత్యం ముందుకే పోయింది. నీళ్ళు మోకాళ్ళు దాటాయి. ఒక అల వచ్చి రొమ్ముని కొట్టింది. అది వెనక్కి తగ్గలేదు. చెవులు నిక్కించి, తల ఎత్తి, సముద్రాన్ని ఆ చివరనుంచి ఈ చివరిదాకా ఒకసారి చూసి సకిలించింది. అప్పుడే నీళ్ళలోంచి పైకొస్తున్న సూర్యుడి వెలుగులో దాని ఒంటి మీద ప్రతి కండా వణికి సర్దుకోవడం కనిపించింది.

కెజియాకి సముద్రం కొత్తేం కాదు. పుట్టినప్పటినుంచీ చెవిలో ఉన్న చప్పుడే. ఆ పొద్దు మాత్రం, గుర్రం చూస్తుంటే, ఇన్నాళ్ళూ తను దాన్ని చూడనే లేదనిపించింది. ఒళ్ళు జలదరించింది. చెప్పులు ఎక్కడ వదిలిందో తెలియదు, తనూ మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉంది.

గట్టెక్కాక సంచిలోంచి స్టెతస్కోపు తీసి ముత్యం ముందుకాలి పైభాగం వెనక ఆనించింది. గేదెల గుండె ఆమెకి తెలుసు, అది కాస్త తొందర మనిషి. ఇది అలా లేదు. ఒకటి కొట్టి ఆగింది. ఇక రాదేమో అనుకున్నాక రెండోది వచ్చింది. లోపలెక్కడో పెద్ద గదిలో ఎవరో నింపాదిగా నడుస్తున్నట్టు. నిమిషానికి ముప్పై ఆరు. స్టెతస్కోపు అతని చెవుల్లో పెట్టింది.

నవ్వుతూ వంగిన ఫ్రెడ్డీ మొహంలో నవ్వు మెల్లగా పోయింది.

"ఆరేండ్లుగా ఈమె పక్కనే పడుకుంటా ఉండాను," అన్నాడు చివరికి. "ఇది నాకు తెలీదు."

అతని కళ్ళలో నీళ్ళు చూసి కెజియా మొహం తిప్పుకుంది. గుండె చప్పుడు వినడం తన ఉద్యోగమని, రోజూ చేసే పనేనని తనకి తాను చెప్పుకుంది. తన గుండె మాట వినలేదు.

మూడో రోజు, శుక్రవారం, అసలు గొడవ జరిగింది.

వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. వడ్లు తోలడానికొచ్చిన బండెద్దులకైనా, అమ్మకానికి తోలుకొచ్చిన గేదెకైనా ముందు బకెట్టు కుడితి, ఆ తర్వాతే మనిషికి మంచినీళ్ళు. కెజియా తల్లి రెబెక్కమ్మకి ఆ తెల్లగుర్రం సంగతి మనసులో పీకుతూనే ఉంది. మూడు రోజులుగా తోపులో ఉన్నదానికి తమ ఇంటి కుడితి చుక్క పోయలేదు, రేపు వెళ్ళిపోతే ఏమనుకుంటుందని కూతురితో అంది. కెజియాకి మాత్రం వేరే పంతం ఉంది. తన చేతి తిండి ఎందుకు ముట్టదో చూడాలి.

ఫ్రెడ్డీ కలెక్టర్‌ని నీళ్ళకి తీసుకెళ్ళిన సమయం చూసి బకెట్టు పట్టుకెళ్ళింది. బియ్యం కడుగు, చద్దన్నం, రెండు దోసిళ్ళ తవుడు. ముత్యం ఒకసారి మూతి పెట్టి వాసన చూసింది. తర్వాత అడుగు కనిపించేదాకా తల ఎత్తలేదు. తెల్లటి మూతి నిండా తవుడు. కెజియా ప్రాణం లేచొచ్చింది. మూతి తుడిచి, బకెట్టు కడిగి బోర్లించి, ఈ సంగతి ఎలా చెప్పి ఏడిపించాలా అని ఆలోచిస్తూ కూర్చుంది.

తొమ్మిది గంటలకి ముత్యం కాలితో నేల గీరడం మొదలుపెట్టింది. తల తిప్పి తన కడుపుకేసి చూసుకుంది. ముందుకాళ్ళు మడిచి పడుకుంది, లేచింది, మళ్ళీ పడుకుని దొర్లబోయింది. ఫ్రెడ్డీ పరుగున వచ్చి తాడు పట్టి లేపాడు. కెజియా స్టెతస్కోపు పెట్టింది. ఆ నింపాది నడక లేదు. డెబ్బై. ఎవరో తలుపులు బాదుతున్నట్టు ఉంది.

బుచ్చిరెడ్డిపాలెంలో ఉన్న పశువుల డాక్టరు ఇందిరమ్మ గారికి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. డాక్టరమ్మ మొదట అడిగింది పొద్దుటినుంచీ ఏం తిన్నదని.

"గడ్డి, గుప్పెడు నానిన శనగలు. రోజూ పెట్టేదే," అన్నాడు ఫ్రెడ్డీ. "దాణా పెట్టె తాళం నా కాడే ఉండాది డాక్టరమ్మా. నన్ను దాటి ఏదీ పోదు."

ఎంత నమ్మకంగా అన్నాడో. కెజియా బకెట్టుకేసి చూసింది. కడిగేసి బోర్లించి ఉంది. చూసినవాళ్ళు లేరు. తను ఊరుకుంటే ప్రయాణం బడలికో, ఇసక మేసిందనో అనుకుంటారు. అలా అనుకుని చేసే వైద్యంతో ఆ పెద్ద గదిలో నడక ఆగిపోవచ్చు.

"కుడితి తాగింది మేడమ్," అంది. "బకెట్ నిండా. తవుడు, చద్దన్నం అన్నీ ఉండాయి. నేనే పెట్టినాను."

డాక్టరమ్మ ఏ మందు ఎంత ఎక్కించాలో చెప్పింది. దొర్లనివ్వకుండా నడిపిస్తూనే ఉండమని, తను బయల్దేరుతున్నానని చెప్పి పెట్టేసింది. ఫ్రెడ్డీ కెజియాకేసి చూశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కెజియా సంచిలోంచి మందు తీసి, నరం వెతికి ఎక్కించింది.

తడి ఇసక గట్టిగా ఉండే చోట నడిపించారు. ముత్యానికి అటు అతను, ఇటు ఆమె. తోపులో కట్టేసిన కలెక్టర్, వీళ్ళు వెనక్కి తిరిగిన ప్రతిసారీ సకిలించేవాడు. ముత్యం చెవులు అటు తిరిగేవి. రెబెక్కమ్మ గొడుగు పట్టుకుని ఒడ్డున నిలబడి, నీ సృష్టిలో ఏ గొడ్డు ఏం తింటుందో మాకు సరిగ్గా తెలియజేయలేదని దేవుడికి మొరపెట్టుకుంటూ ఉంది.

"మీరు చదువుకున్నోళ్ళు గదా," అన్నాడు ఫ్రెడ్డీ చివరికి.

"గుర్రం మీద మా పుస్తకంలో రెండు పేజీలు. పరీక్షలో రావని వదిలేసినాను." ఆమె ముత్యం మెడ నిమిరింది. "మీ గుర్రం నా చేత్తో తింటాదని చూపించాలనుకున్నా. అంతే. అంతకన్నా గొప్ప కారణం లేదు."

ఇంకో ఫర్లాంగు నడిచారు.

మధ్యాహ్నానికి డాక్టరమ్మ వచ్చింది. ముక్కులోంచి గొట్టం వేసింది. పులిసిన కుడితి వాసనతో గాలి బుస్సుమని బయటికొచ్చింది. నూనె మందు పోసి చేతులు కడుక్కుంటూ, గుర్రానికి వాంతి కాదు, లోపలికి పోయింది బయటికి రావడానికి ఒకటే దారి అని చెప్పింది. పొద్దుగూకే లోపల లద్దె వేస్తే బతుకుతుంది. వేయకపోతే తన చేతిలో ఏమీ లేదు.

మళ్ళీ నడక. ఎండ తలకెక్కింది. మూడు గంటలకి కలెక్టర్ పిలిస్తే ముత్యం చెవులు కదల్లేదు. ఫ్రెడ్డీ ఆగి దాని మెడకి మొహం ఆనించుకున్నాడు. కెజియా అతని చేతిలోంచి తాడు తీసుకుని తనే నడిపించింది.

వెనకనుంచి వచ్చి కలిశాక అతను మెల్లగా చెప్పాడు. "కడుపు చెడిపోయి జట్కా గుర్రం పోయినాక మా తాత ఆ తాళం వేసినాడంట. ఆ మాట మీకు చెప్పుండాల. గొప్పలు పోయినా. తప్పు నాది గూడా ఉండాది."

"ఇప్పుడు పంచుకోబాకండి," అంది కెజియా. "ముందు నడవండి."

నీడలు సముద్రం దాకా సాగిన వేళ, తోపులోంచి కలెక్టర్ మళ్ళీ పిలిచాడు. ముత్యం ఆగింది. చెవులు లేచి, కొనలు తాకాయి. బదులు పలికింది. పలికి, తోక ఎత్తింది.

మూడు ఉండలు. మూడే. తడి ఇసక మీద ఆవిర్లు కక్కుతూ పడ్డాయి.

ఇద్దరూ చేతులు కట్టుకుని నిలబడిపోయారు. లోకంలో గుర్రపు లద్దెని అంత భక్తిగా చూసినవాళ్ళు ఉండరు. అలలు, ఆకాశం, సంజ వెలుగుకి ఎరుపెక్కిన ఆ గుర్రం, అంతా కలిసి ఒక ఊపిరి వదిలినట్టయింది. ఫ్రెడ్డీ ఇసకలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కెజియా ఏడుస్తూ నవ్వుతూ స్టెతస్కోపు పెట్టింది. నలభై ఎనిమిది. కాసేపటికి నలభై రెండు. మళ్ళీ ఎవరో నింపాదిగా నడుస్తున్నారు. స్టెతస్కోపు అతని చెవుల్లో పెట్టింది. ఈసారి అతను వింటూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు, ఆమె వదిలించుకోలేదు.

వారం దాకా ముత్యం బండిలో ప్రయాణం చేయకూడదని చెప్పి డాక్టరమ్మ వెళ్ళిపోయింది. చిట్టమూరు పెళ్ళి మాత్రం ఆదివారమే. ముహూర్తం గుర్రం కోసం ఆగదు. పెళ్ళికొడుకుని ఎర్రగుర్రానికి ఒప్పించుకుని, కలెక్టర్‌ని తీసుకుని ఫ్రెడ్డీ పోవాలి. ముత్యాన్ని ఎవరి దగ్గర వదలాలి?

కెజియా ఆ రాత్రంతా నిద్రపోలేదు. నెల్లూరునుంచి మేనమామని పిలిపిస్తాడని అనుకుంది. అదే న్యాయమని కూడా అనుకుంది. ఆ న్యాయం తలుచుకుంటే ఏడుపొచ్చింది.

శనివారం పొద్దున అతను వాళ్ళ వాకిట్లో నిలబడి రెబెక్కమ్మకి, జీవానందానికి వందనాలు చెప్పాడు. ఇనప్పెట్టె తెచ్చి వసారాలో దించాడు. తర్వాత మెడలోంచి తాడు తీసి కెజియా అరచేతిలో పెట్టాడు. తాళంచెవి అతని ఒంటి వెచ్చదనంతో ఉంది.

"చంపబోయిన చేతికే ఇస్తా ఉండారు," అంది ఆమె.

"ఫోన్లో నువ్వు నోరు తెరిచినావే, ఆ చేతికి ఇస్తా ఉండాను," అన్నాడు. మీరు నుంచి నువ్వుకి ఎప్పుడు దిగాడో ఇద్దరికీ తెలియదు. "బకెట్ కడిగేసి ఉండాది. నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది గాదు. నా గుర్రం పోయుండేది."

అతను బండెక్కాడు. కలెక్టర్ కిటికీలోంచి తల పెట్టి, తోపు కనిపించినంతసేపూ అరుస్తూ పోయాడు.

అతను మంగళవారం పొద్దు పొడిచేవేళకి తిరిగొచ్చాడు. తోపులో గుర్రం లేదు. ఒడ్డుకి పరుగెత్తాడు. ముత్యం రొమ్ములోతు నీళ్ళలో నిలబడి సూర్యుడికేసి చూస్తూ ఉంది. దాని మెడ మీద చెయ్యేసి, జూలు గుప్పిట్లో పట్టుకుని కెజియా కూడా అటే చూస్తూ ఉంది. ఆమె తడిసిన మెడలో తాళంచెవి మెరుస్తూ ఉంది. ఆ ఇద్దరూ తిరిగేదాకా ఫ్రెడ్డీ ఒడ్డునే నిలబడ్డాడు.

"ముప్పై ఆరు," అంది కెజియా గట్టెక్కుతూ, అంతకంటే పెద్ద కబురు లేనట్టు.

"తాళంచెవి కోసం వచ్చినాను," అన్నాడు.

"ఇవ్వను."

"ఇవ్వకపోతే పెట్టె ఎట్టా తెరిచేది?"

"నన్నడిగితే నాకేం తెలుసు? మా నాయన్నడుగు."

అడిగాడు. వసారాలో నిలబడి, ఒక్కో మాటా కూడబలుక్కుని అడిగాడు. రెబెక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇక ఆ గుర్రానికి కుడితి వాసన కూడా చూపించనని ఒట్టేసింది. జీవానందం లేచి బండి దగ్గరికి నడిచాడు. అందరూ వెనకే వెళ్ళారు. ఆయన లోపలికెక్కి గోడకి బిగించిన మంచం పక్కన నిలబడ్డాడు. జేన వేసి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"రెండడుగులే ఉండాదే అబ్బయ్యా," అన్నాడు.

"అవునయ్యా. నా ఒక్కడికి చాలని..." ఫ్రెడ్డీ నసిగాడు.

"చాలదు. నాలుగు చెయ్యి. గుంజలు మన తోపులోవి కొట్టుకో."

ఫ్రెడ్డీకి ఆ మాట బుర్రకెక్కడానికి కొంతసేపు పట్టింది. కెజియాకి వెంటనే ఎక్కింది, మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఇంతలో వాలు పలక మీదుగా, ఎవరూ పిలవకుండానే, ముత్యం వెనకనుంచి బండెక్కింది. మధ్య కిటికీలోంచి తల పెట్టి జీవానందం మెడ మీద వెచ్చగా ఊపిరి వదిలింది. ఆయన కదలకుండా నిలబడి, కాసేపటికి మెల్లగా దాని నుదుటి మీద చెయ్యి వేశాడు.

"వందనాలమ్మా," అన్నాడు.